పిండిమర ఓబులేసు రాక్షసులు

మా ఊళ్లో పిండిమర ఓబులేసు ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. ఈమధ్య చూపించేటప్పుడు గొంతు తగ్గిస్తున్నారు, అదొక్కటే తేడా. నేను తగ్గించను. నా పేరు రామాంజి. శింగనమల నుంచి అనంతపురానికి ఆటో తోలుతాను. నా ఆటో ఎక్కి ఓబులేసు గురించి ఎవరైనా నోటికొచ్చినట్టు మాట్లాడితే దారి మధ్యలో దించేస్తాను. దించాను కూడా. వాడి గురించి తెలియని వాళ్లు చాలా చెప్పారు కాబట్టి తెలిసినవాణ్ణి నేనూ చెబుతాను.

మాకు మీసాలు మొలుస్తున్న రోజుల్లో బస్టాండు వెనక బయల్లో ఒక టూరింగ్ టాకీసు గుడారం ఉండేది. కొత్త తెలుగు బొమ్మలు దొరకని వారాల్లో దాని ఓనరు ఎక్కడి నుంచో పాత ఇంగ్లీషు పెట్టెలు తెప్పించేవాడు. అన్నీ నలుపు తెలుపు దయ్యాల బొమ్మలే. రీళ్లు అరిగిపోయి తెర మీద ఒకటే గీతలు, వాన పడుతున్నట్టు ఉండేది. మన దగ్గర వాన పడేది ఈ గుడారంలోనే అని జనం నవ్వుకునేవాళ్లు. భాష ఎవరికీ అర్థం కాదు గనక ఒక మనిషి మైకు పట్టుకుని కథ చెప్పేవాడు. ఆయనకూ ఇంగ్లీషు రాదు. రక్తం తాగే జమీందారు వచ్చినా, పున్నమికి తోడేలయ్యే మనిషి వచ్చినా, సమాధిలోంచి గుడ్డ కట్లతో లేచే పాతకాలపు రాజు వచ్చినా, ఒళ్లంతా కుట్లు వేసిన మనిషి వచ్చినా, "అదిగో రాక్షసుడు, పిల్లల్ని దగ్గర పెట్టుకోండి" అని ఒకటే మాట.

ఓబులేసుకు మాత్రం ఎవరికి వారే. ఎవరి నడక ఎట్లా ఉంటుంది, ఎవరికి వెలుతురు పడదు, ఎవరికి మాట రాదు, అన్నీ విడివిడిగా గుర్తు. జనం కేకలు పెడుతుంటే వీడు నా పక్కన కూచుని ముక్కు చీదేవాడు. ఆ బొమ్మలన్నీ చివరికి ఒకే దారి పడతాయి. ఊరు ఊరంతా దివిటీలు పట్టుకుని రాక్షసుడి మీదికి పోతుంది. అప్పుడు గుడారంలో ఈలలే ఈలలు. వీడు లేచి బయటికి పోయేవాడు. ఒకరోజు నేనూ వెంట పోయి, ఏమప్పా, దుడ్లు పెట్టి చూడ్డానికొచ్చి ఏడుస్తావేమని కసిరాను.

"వాడు ఎవరింటికన్నా పోయినాడా రామాంజీ? వీళ్లే గదా వాని కాడికి పోతాండారు" అన్నాడు.

పిచ్చి ముదిరిందనుకున్నాను. పెద్దయితే పోతుందనుకున్నాను. పోలేదు. వాళ్ల నాయన పోయాక చేను చూసుకుంటూ, దాని మీద బతకడం కష్టమని పిండిమర పెట్టాడు. మర గోడల నిండా రాక్షసుల పటాలే. గుడారం పోయి వీడియోలు వచ్చాయి, వీడియోలు పోయి సీడీలు, సీడీలు పోయి ఫోను. వాడి ఇష్టం ఒక్కటే మారలేదు. రాగులో కొర్రలో తెచ్చిన ఆడవాళ్లకు మర చప్పుడు మీద గొంతెత్తి కథ చెప్పేవాడు. ఒళ్లంతా పిండి, కళ్లు మాత్రం నల్లగా, చేతులు ముందుకు చాచి ఆ నడక నడిచి చూపిస్తుంటే వాళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు. సంగటికి పిండి కావాల్సినప్పుడు దగ్గర్లో ఇంకో మర ఉన్నా వీడి దగ్గరికే వచ్చేవాళ్లు.

పెళ్లై వచ్చిన కొత్తలో వాడి పెళ్లాం హేమావతి ఆ పటాలు చూసి హడలిపోయింది. ఆమెది గార్లదిన్నె పక్క. ఇంట్లో దేవుని పటాల కన్నా దయ్యాల పటాలు ఎక్కువైతే పుట్టింటికి పోతానని బెదిరించింది. అప్పటి నుంచే అవి మరలోకి చేరాయి. కానీ ఆ హేమావతే తర్వాత వీడి రాక్షసులకు ముఖాలు దిద్దింది. అదెట్లాగంటే, మా పక్క పీర్ల పండగ అందరిదీ. మొక్కుకున్నవాళ్లు పులి వేషమో ఎలుగుబంటి వేషమో కట్టి పీర్లను నిలిపే చావిడి ముందు ఆడతారు. కూతురు పద్మప్రియకు చిన్నప్పుడు జ్వరం తగ్గకపోతే ఓబులేసు వేషం మొక్కుకున్నాడు. తీరా చూస్తే పులి కాదు, కుట్ల మనిషి. పెద్దలు మొహాలు చూసుకున్నారు. చావిడి చూసుకునే ముసలాయన మాత్రం, స్వామికి వేషం వేషమే, పోనీండప్పా అన్నాడు. ఇక ఏటా ఒక రాక్షసుడు. హేమావతి వేపబంక పూసి కుట్లు తేల్చేది, కాటుకతో కళ్లు గుంటలు చేసేది. పొద్దున కూచుంటే మధ్యాహ్నానికి గానీ లేవనిచ్చేది కాదు. కదిలితే తలకాయ మీద మొట్టేది. రాక్షసుడు మొట్టికాయలు తింటున్నాడని నేను గుమ్మంలో నిలబడి ఎగతాళి చేసేవాణ్ణి.

పద్మప్రియ పుట్టాక హేమావతి పెదవి పక్కన ఒక తెల్లమచ్చ వచ్చింది. తర్వాత వేళ్లకు, మోచేతులకు, కళ్ల చుట్టూ. డాక్టరు చూసి అది అంటుకునేది కాదు, ప్రాణానికి ఏమీ కాదన్నాడు. మా పక్క దాన్ని తొన్ను అంటారు. డాక్టరు మాట ఆస్పత్రిలోనే ఉండిపోయింది. పెళ్లిళ్లలో ఆమె వడ్డించడానికి వస్తే కూచున్నవాళ్లకు అప్పుడే కడుపు నిండిపోయేది. పేరంటం పిలుపులు ఆమె గడప దాటుకుని పక్కింటికి పోయేవి. ఆమె బయటికి ఏమీ అనేది కాదు. ఒకసారి నేను వాళ్లింట్లో అన్నం తింటుంటే కూతురితో, మీ నాయనకు దయ్యాలంటే ఇష్టం కాబట్టి నాకు సరిపోయిందని నవ్వుతూ అంది. ఓబులేసు తింటున్న కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచాడు. ఆ మాట ఇంకోసారి నా ముందర అనొద్దని మాత్రం అన్నాడు. వాడికి కోపం రావడం నేను చూసింది అదే మొదటిసారి.

మొన్నటి మాఘంలో హేమావతి పోయింది. కిడ్నీలు చెడిపోయాయి. వాళ్ల చేను గట్టు పక్కన పూడ్చారు. ముందటి ఏడు వానలు బాగా పడి చెరువు నిండి ఉంది, ఎవరికీ ఏ ఆలోచనా రాలేదు. ఎందుకంటే మా పక్క ఒక నమ్మకం ఉంది. తొన్ను ఉన్న మనిషిని పూడిస్తే వాన ఆగిపోతుందట. అట్లాంటి వాళ్లను కాల్చాలట. పొరపాటున పూడిస్తే, వానలు పోయిన ఏడు తవ్వి తీసి కాల్చాలట. ఇది ఏ శాస్త్రంలో ఉందని నేను అడిగితే మా పాత సర్పంచు చంద్రమోహన్, నీ ఆటోకు బ్రేకులు ఉండాలని ఏ శాస్త్రంలో ఉండాదప్పా అని నన్నే అడిగాడు. అట్లాంటి మనిషితో ఏం వాదిస్తాం?

ఈ ఏడు తొలి వానకే ఊరంతా శనక్కాయ విత్తింది. తర్వాత చుక్క లేదు. చెట్లు పూత పూసి, కాయ కట్టే ఊడలు నేలలోకి దిగాల్సిన వేళకు నేల బండ అయిపోయింది. మబ్బులు వచ్చి మమ్మల్ని చూసి తూర్పుకు పోతున్నాయి. చంద్రమోహన్ బోర్లు కూడా గాలి ఊదుతున్నాయి. ఆ రోజుల్లోనే బయమ్మ అనే ముసలామె పాలకేంద్రం ముందు కూచుని హేమావతి పేరు ఎత్తింది. ఒక నోట్లోంచి ఇంకో నోట్లోకి పాకడానికి ఎంతసేపు? చంద్రమోహన్ మర దగ్గరికి వచ్చి, చెప్పులు బయట విడిచి మర్యాదగానే మాట్లాడాడు. ఆయన చెడ్డవాడని నేను అనను. ఎండిన చేను మనిషి చేత ఏమైనా చేయిస్తుంది. ఊరందరి కోసం ఊ అనమని, ఆయమ్మను గౌరవంగానే తీసి కాలుద్దామని అడిగాడు.

"ఆమె బతికినన్నాళ్లూ మీరు ఎవురూ ఆమె చేతి నీళ్లు తాగలేదన్నా. ఇప్పుడు ఆమె చేత వాన కురిపిస్తారా?" అన్నాడు ఓబులేసు. చంద్రమోహన్ చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు మరలో వాడు ఒక మాట విన్నాడు. మరుసటి రోజు పొద్దు గూకే వేళ, చేను ఎండిపోయిన నాగన్న అనే రైతు ఇంకొందరు మగవాళ్లను వెంటపెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా గడ్డపారలతో చేనికి పోతున్నాడని. నాకు ఫోను చేసి ఉంటే నేను ఆటో చేని దారికి అడ్డం పెట్టేవాణ్ణి. పోలీసులకు చెప్పి ఉండొచ్చు. కూతురు బెంగళూరులో ల్యాబులో పని చేస్తుంది, ఆమెకైనా చెప్పి ఉండొచ్చు. వాడు ఎవరికీ చెప్పలేదు. పెట్టె తెరిచి వేషం తీశాడు.

కుట్ల మనిషి వేషం కట్టాలంటే హేమావతి చేతులు కావాలి. ఒంటరిగా కట్టుకోగలిగింది ఒక్కటే, గుడ్డ కట్ల వేషం. పాత తెల్ల పంచెలు పీలికలుగా చించి, టీ నీళ్లలో ముంచి ఆరబెట్టినవి. అవి తల నుంచి కాళ్ల దాకా చుట్టుకుని కంది సాళ్ల మధ్య పడుకున్నాడు. నాగన్న వాళ్లు వచ్చి గడ్డపార ఎత్తగానే సమాధి వెనక నుంచి మెల్లగా లేచి నిలబడ్డాడు. చేతులు చాచలేదు, అరవలేదు. ఏ రాక్షసుడు ఎట్లా లేస్తాడో వాడికి తెలుసు గదా. ఆ మగవాళ్లు గడ్డపారలు అక్కడే పారేసి పరుగెత్తారు. నాగన్న గట్టు మీద పడి కాలు బెణికి, పాకుతూ రోడ్డెక్కాడు.

ఓబులేసు ఇంటికొచ్చి నన్ను పిలిపించాడు. పెళ్లాం పోయిన తర్వాత వాడు నవ్వగా నేను చూసింది ఆ పూటే. టీ పెట్టి ఇచ్చి, నాగన్న ఎట్లా పడ్డాడో నటించి చూపించాడు. ఇంక ఈ పక్కకు రారని, ఆమెను వదిలేస్తారని అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఒళ్లు మండింది. చిన్నప్పటి నుంచి అవే బొమ్మలు చూసినవాడికి ఇది తోచకపోవడమేమిటి?

"ఆ బొమ్మల్లో భయపడినాంక ఊరు ఏం చేస్తుందప్పా?" అని అడిగాను.

వాడి చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకుని కూచున్నాడు. ఆ ముఖం చూసి నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది అనుకున్నాను, కానీ అది అనకపోయినా తెల్లారి జరిగేది జరిగేదే.

తెల్లవారేసరికి ఊళ్లో ఒకటే మాట. హేమావతి లేచింది. కప్పిన తెల్లగుడ్డతోనే లేచింది. నాగన్నకు ఒళ్లు కాలిపోతోంది, కళ్లు మూస్తే ఆమే కనిపిస్తోందట. అంతకుముందు వద్దన్నవాళ్లు కూడా, పక్కింటివాళ్లు కూడా, ఇప్పుడు తవ్వాల్సిందే అన్నారు. వాన సంగతి పక్కకు పోయింది. పిల్లల్ని బయటికి పంపాలంటే భయం. పాలకేంద్రం ముందు ఊరు కూడింది. ఓబులేసు ఆ గుడ్డ పీలికలు సంచిలో వేసుకుని అందరి మధ్యకు వచ్చాడు. లేచింది ఆమె కాదు, నేనే వేషం కట్టినానని చెప్పాడు. పీలికలు తీసి చూపించాడు. వాటికి చేను మట్టి అంటుకుని ఉంది. బయమ్మ దగ్గరికి వచ్చి వంగి చూసి, ఇది ఆయమ్మ మీద కప్పిన గుడ్డే అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు వెనక్కు జరిగారు.

అప్పుడు వాడు ఆ పట్టపగలు, అందరి ఎదుట, చొక్కా విప్పి ఆ పీలికలు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. ముడులు జారిపోతున్నాయి. నేను పోయి వెనక ముడి వేశాను. తల దాకా చుట్టుకుని నిలబడి, ఇదే గదా నాగన్న చూసింది అని అడిగాడు. గుడ్డ లోపల నుంచి వచ్చేసరికి ఆ గొంతు ఎవరిదో అన్నట్టు ఉంది. ఎండలో ఆ వేషం చూస్తే భయం కాదు, జాలి వేసింది. అదే వాడి కొంప ముంచింది.

చంద్రమోహన్ మెల్లగానే అన్నాడు. "ఓబులేసూ, పెండ్లాం మీద ప్రేమతో చెప్తాండావు, నాకు తెలుసు. కానీ పీర్ల పండక్కి నీ వేషాలు ఊరంతా చూస్తానే ఉండాది. నీ వేషం చూసి మన ఊళ్లో చిన్నపిల్లోడు కూడా భయపడలేదు. నాగన్న చూసింది నీ వేషం కాదప్పా."

ఎవరో ఔనన్నారు. తర్వాత అందరూ ఔనన్నారు. నేను గొంతు చించుకుని అరిచాను, వాదించాను, తిట్టాను. పోలీసులకు ఫోను చేశాను, వస్తామన్నారు. పద్మప్రియకు చేశాను, బస్సెక్కుతున్నానని, నేను వచ్చేదాకా ఆపమని ఏడ్చింది. ఆపడం ఎవరి తరం? గడ్డపారలు అప్పటికే భుజాల మీదికి ఎక్కాయి. ఓబులేసు కట్లు విప్పుకుని సంచిలో పెట్టుకున్నాడు. చంద్రమోహన్ వైపు తిరిగి, "ఆమె మీద ఎవుని గడ్డపారా పడకూడదు. నేనే తీస్తా" అన్నాడు.

తవ్వాడు. మొదట పారతో, లోతుకు పోయాక చేతులతో. నేను దిగబోతే వద్దన్నాడు. ఆ తర్వాత చూసింది అంతా నేను చెప్పను. వాడు ఆమెను చీరలో చుట్టి, రెండు చేతుల మీద ఎత్తుకుని, కట్టెలు పేర్చిన చోటికి నడిచాడు. అంత జనమూ రెండుగా చీలి దారి వదిలి వెనక్కు పోయింది. ముక్కు మూసుకున్నవాళ్లు, ముఖం తిప్పుకున్నవాళ్లు. కొందరు వాణ్ణి చూసి దణ్ణం పెట్టారు, భక్తితో కాదు. వాడు ఎవరినీ చూడలేదు. నిప్పు వాడే పెట్టాడు. పోలీసు జీపు వచ్చేసరికి కట్టెలు సగం కాలాయి. ఎవరు తవ్వారని వాళ్లు అడిగితే, నా పెండ్లాం, నేనే తీసినానని చెప్పి సంతకం పెట్టాడు. నేను పేర్లు చెప్పబోతే, కూతురు ఈ ఊరికి వచ్చి పోవాల రామాంజీ, ఊరుకో అని నా చెయ్యి పట్టుకున్నాడు.

పద్మప్రియ సాయంత్రానికి దిగింది. నేనే బస్టాండు నుంచి తీసుకొచ్చాను. బూడిద దగ్గర వాళ్ల నాయన పక్కన నిలబడి ఒక్కటే మాట అంది. "నీ పిచ్చితో అమ్మను దయ్యం చేసినావు నాయనా. ఊరు చేసేదానికి ముందే నువ్వు చేసినావు." వాడు ఔనన్నట్టు తల ఊపాడు. ఆ పిల్ల తప్పు మాట్లాడిందని నేను అనలేను. ఒప్పు మాట్లాడిందని కూడా నా నోరు రాదు. అదే ఇష్టం ఆ ఇంట్లో లేకపోతే హేమావతి అన్నేళ్లు తల ఎత్తుకుని తిరిగేదా? ఇది నేను ఆ పిల్లకు ఎప్పటికైనా చెప్పాలి. ఇంకా చెప్పలేదు.

తర్వాత వాన పడింది. పడక ఏం చేస్తుంది, బంగాళాఖాతంలో అల్పపీడనం వచ్చింది, జిల్లా అంతా పడింది. ఎవరినీ తవ్వని గార్లదిన్నెలో పడింది, విడపనకల్లులో మాకన్నా ఎక్కువ పడింది. నేను ఆటోలో ఎక్కిన ప్రతి మనిషికీ ఇది చెప్పాను. అందరూ తల ఊపి, ఆయమ్మ కరుణించిందన్నారు. చంద్రమోహన్ కొత్త చీర, టెంకాయ పంపాడు, చేనుగట్టున పెట్టమని. ఓబులేసు తీసుకుని, ఆ చీర మడత విప్పకుండా బయమ్మ ఇంటి అరుగు మీద పెట్టి వచ్చాడు.

మర ఇప్పుడు తెరిచే ఉంటుంది. గోడల మీద పటాలు వాడు తీయలేదు. కానీ కొర్రలు తెచ్చేవాళ్లు లేరు. శవాన్ని చేతులతో ఎత్తిన మనిషి చేతి పిండి ఎవరు తింటారట, ఇంకో మరకు పోతున్నారు. వాడు ఎదురైతే పిల్లలు సందులోకి దూరతారు. ఒకప్పుడు వాడి వేషం చూసి భయపడనివాళ్లు ఇప్పుడు వాడి ముఖం చూసి భయపడుతున్నారు. నాకు ఈ ఊరి మీద ఉన్న కోపం చల్లారదు.

మొన్న మధ్యాహ్నం మర బెల్టు తెగిపోతే కొత్తది కొనడానికి వాణ్ణి అనంతపురం తీసుకుపోయాను. బెల్టు ఎందుకప్పా, ఎవరు వస్తారని అడగబోయి ఊరుకున్నాను. తిరిగి వస్తుంటే ఆటోలో మేమిద్దరమే. రెండు పక్కలా చేలు పచ్చగా ఉన్నాయి. చాలాసేపు బయటికి చూసి, వెనక సీట్లోంచి నా భుజం తట్టాడు.

"రామాంజీ, నేను పోతే నన్ను పూడ్చొద్దు. మావాళ్లు పూడ్చాల అంటారు, నువ్వు ఒప్పుకోవద్దు. ఆ పొద్దే కాల్చేయండి" అన్నాడు.

నీకేం తొన్ను లేదు గదరా అన్నాను.

"ఇంకో కరువు వస్తుంది గదప్పా. అప్పుడు ఎవురిని తవ్వాలా అని వాళ్లు వెదుక్కుంటారు. తవ్వేదానికి పద్మప్రియ ఒక్కతే ఉంటుంది."

సరే అన్నాను.